చెప్పకుండా వదిలేసిన మాటని పట్టుకోవడం: రీజనింగ్‌లో అసంప్షన్ ప్రశ్నలు

"రేపు పదింటికి స్టేషన్ దగ్గరికి వచ్చేయ్, నోట్సు ఇచ్చేస్తాను" అన్నాడు పాతపట్నంలో ఉండే మా స్నేహితుడు. పదింటికల్లా వెళ్ళి ఒడిశా వైపున్న మా పర్లాకిమిడి స్టేషన్లో నిలబడ్డాను. వాడూ పదింటికే వచ్చాడు, కాకపోతే పాతపట్నం స్టేషన్‌కి. ఇద్దరి మధ్యా ఉన్నది కొద్దిపాటి దూరం, ఒక రాష్ట్ర సరిహద్దు. నా ఫోన్లో చార్జింగ్ లేదు. గంటసేపు ఎవరి స్టేషన్లో వాళ్ళం నిలబడి ఒకరినొకరం తిట్టుకున్నాం. స్టేషనంటే వాడికి వాళ్ళ స్టేషన్, నాకు మా స్టేషన్, ఆ మాట పైకి అనాలని ఇద్దరిలో ఎవరికీ తోచను కూడా లేదు. రీజనింగ్ పేపర్లో అసంప్షన్ అని అడిగేది సరిగ్గా దీని గురించే.

సాయంత్రం పూట మా అరుగు మీద రైల్వే, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు ఏడెనిమిది మంది కూర్చుంటారు. సగం మంది బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాసేవాళ్ళు. కోడింగ్, డీకోడింగ్, దిక్కులు, రక్తసంబంధాలు అయితే చకచకా చేసేస్తారు. స్టేట్‌మెంట్ అండ్ అసంప్షన్ రాగానే "ఏటి మాస్టారూ, రెండూ నిజమే కదా, రెండూ పెట్టేస్తాను" అంటారు. నిజమా కాదా అని ప్రశ్నలో అడగనే లేదు, తప్పులన్నీ అక్కడి నుంచే మొదలు.

ప్రశ్న ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు, తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఒక స్టేట్‌మెంట్ ఇస్తారు, దాని కింద రెండో మూడో ఊహలు, అంటే అసంప్షన్లు, ఇస్తారు, వాటిలో ఏది స్టేట్‌మెంట్లో అంతర్లీనంగా ఉందో చెప్పమంటారు. అంతర్లీనం అంటే, ఆ మాట అన్నవాడు నోరు తెరవకముందే దాన్ని ఒప్పేసుకుని ఉండాలి, పైకి మాత్రం చెప్పి ఉండకూడదు. పైకి చెప్పేస్తే అది ఊహ కాదు, స్టేట్‌మెంటే.

మా పిన్ని వంటింట్లోంచి అరిచే మాటతో మొదలుపెడదాం.

స్టేట్‌మెంట్: "బేగి తెములు, గుణుపురం బండి వెళ్ళిపోద్ది!"
ఊహ 1: తొందరపడితే బండి అందుతుంది.
ఊహ 2: గుణుపురానికి ఆ రోజు ఇంకో బండి లేదు.

రెండూ పెట్టేవాళ్ళు చాలామంది. ఇప్పుడు ఒక్కోదాన్నీ తిరగేసి చూడండి. "ఎంత తొందరపడినా బండి అందదు" అనుకుందాం. అది తెలిసి కూడా పిన్ని బేగి తెమలమంటుందా? అనదు. ఊహని తిరగేయగానే మాట కూలిపోయింది, అంటే ఆ మాట ఒకటో ఊహ మీదే నిలబడి ఉంది. రెండోదాన్ని తిరగేయండి: "ఇంకో బండి ఉంది." ఉన్నా పిన్ని అరుస్తుంది, ఆ రెండో బండి ఎప్పుడో రాత్రికి రావచ్చు, లేదా మా పిన్నికి అరవడం అలవాటు కావచ్చు, ఏదైనా మాట చెక్కుచెదరలేదు. కాబట్టి రెండోది అంతర్లీనం కాదు. జవాబు ఒకటోది మాత్రమే.

ఈ తిరగేసే పద్ధతి ఒక్కటి చేతికొస్తే ముప్పాతిక పని అయిపోయినట్టే. అయితే తిరగేయడం చాలామంది తప్పుగా చేస్తారు, అందుకని ఇక్కడ కాసేపు ఆగుదాం. తిరగేయడమంటే వ్యతిరేక పదం పెట్టడం కాదు. "టికెట్ ఖరీదు ఎక్కువ" అన్నదాన్ని తిరగేస్తే "ఖరీదు తక్కువ" అని రాదు, "ఖరీదు ఎక్కువ కాదు" అని వస్తుంది, మధ్యస్థంగా ఉన్నా అందులోకే వస్తుంది. "అందరూ వస్తారు" తిరగేస్తే "ఎవరూ రారు" కాదు, "కనీసం ఒక్కరైనా రానివాళ్ళుంటారు". "కొందరు వస్తారు" తిరగేస్తే మాత్రం "ఒక్కరూ రారు". ఇందులో తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. "అందరూ రారు" అని రాస్తే ఏమని అర్థం? కొందరు రారనా, అసలెవరూ రారనా? మాట్లాడేటప్పుడు గొంతుని బట్టి తెలిసిపోతుంది, కాగితం మీద తెలియదు. నా దగ్గర చదివే ఒక గుంట ఇదే చోట వరసగా మూడు ప్రశ్నలు పోగొట్టుకుంది, లెక్క తెలియక కాదు, "అందరూ రారు" అని మనసులో అనుకుని దాన్ని "ఎవరూ రారు" కింద చదువుకోవడం వల్ల. అందుకని తిరగేసిన వాక్యాన్ని పొడుగైనా సరే పూర్తిగా చెప్పుకోండి.

ఇంకోటి చూద్దాం. పర్లాకిమిడిలో ఒక పుస్తకాల కొట్టు మీద బోర్డు ఉందనుకోండి.

స్టేట్‌మెంట్: "ఇచ్చట తెలుగు పంచాంగములు అమ్మబడును."
ఊహ 1: తెలుగు పంచాంగం కొనేవాళ్ళు ఈ ఊళ్ళో కొందరైనా ఉన్నారు.
ఊహ 2: ఊళ్ళో ఇంకెక్కడా తెలుగు పంచాంగాలు దొరకవు.
ఊహ 3: ఈ దారిన పోయేవాళ్ళందరికీ తెలుగు చదవడం వచ్చు.

కొనేవాళ్ళు ఒక్కరూ లేరనుకుంటే బోర్డు పెట్టడం దండగ, కాబట్టి 1 ఉంది. పక్క కొట్టులో కూడా దొరుకుతాయనుకోండి, అయినా బోర్డు పెడతాడు, ఇంకా పెద్దది పెడతాడు. మూడోది పిల్లల్ని బాగా లాగుతుంది, ఎందుకంటే బోర్డు తెలుగులో ఉంది కదా, చదవగలిగేవాళ్ళుండాలి కదా అనిపిస్తుంది. ఉండాలి, నిజమే. కానీ "అందరికీ" అక్కర్లేదు. ఒడియా మాత్రమే చదివేవాళ్ళు కూడా ఆ దారిన పోతారని కొట్టువాడికి మనకంటే బాగా తెలుసు. "కొందరికి తెలుగు చదవడం వచ్చు" అని ఇచ్చి ఉంటే అది కచ్చితంగా అంతర్లీనమే. ఒక్క మాట తేడాతో జవాబు మారిపోయింది.

ప్రకటనలు, నోటీసుల ప్రశ్నలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. ప్రకటన ఇచ్చాడంటే, దాన్ని చూసి కొందరైనా స్పందిస్తారని అనుకుంటున్నాడు, ఆ వస్తువు కొందరికి కావాలని అనుకుంటున్నాడు. అంతకుమించి ఏమీ అనుకోనక్కర్లేదు. వరద హెచ్చరికైనా అంతే. "మహేంద్రతనయ నది పొంగుతోంది, ఒడ్డున ఉన్నవాళ్ళు ఎత్తైన చోటికి వెళ్ళిపోండి" అని మైకులో చెప్పారంటే, నీళ్ళు ఒడ్డు మీది ఇళ్ళ దాకా రావచ్చు, వెళ్ళడానికి ఎత్తైన చోటు ఒకటుంది, చెప్తే కొందరైనా వింటారు, ఈ మూడూ లోపల ఉన్నాయి. "అందరూ వెళ్ళిపోతారు" లేదు. "వరద తప్పకుండా వస్తుంది" కూడా లేదు, రావచ్చన్న భయం చాలు హెచ్చరించడానికి.

ఇంత చెప్పాక పిల్లలు వెంటనే ఒక అడ్డదారి కనిపెడతారు: మాత్రమే, అన్నీ, ఎప్పుడూ, తప్పకుండా, ఒక్కటే లాంటి గట్టి మాటలు కనిపిస్తే కొట్టేయడం. చాలాసార్లు పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గుడ్డిగా వాడితే ముంచుతుంది. "వాడి దగ్గర గైడు లేదు, కాబట్టి పరీక్షకి తయారవలేడు" అన్నారనుకోండి. "గైడు లేకుండా తయారవడానికి ఇంకో దారి ఏదీ లేదు" అన్న ఊహ ఇందులో ఉందా? చాలా గట్టి మాట, అయినా ఉంది. తిరగేయండి: వేరే దారి ఉందనుకుంటే, గైడు లేనంత మాత్రాన తయారవలేడనడం కుదరదు. అన్నవాడే అంత గట్టిగా అన్నప్పుడు లోపలి ఊహ కూడా అంత గట్టిగానే ఉంటుంది.

ఊహకీ ముగింపుకీ తేడా తెలియకపోవడం ఇంకో పెద్ద జబ్బు. ముగింపు అంటే ఇక్కడ కన్‌క్లూజన్. నేను దీన్ని మా రైలు లైను మీద చెప్తాను. నౌపడాలో బయల్దేరి టెక్కలి, పాతపట్నం దాటి బండి పర్లాకిమిడి వస్తుంది, ఆ తర్వాత గుణుపురం దాకా పోతుంది. 2004లో నేరోగేజ్ బండి ఆగిపోయి, 2011లో బ్రాడ్‌గేజ్ బండి గుణుపురం చేరింది, వరస మాత్రం మారలేదు. స్టేట్‌మెంట్ పర్లాకిమిడి అనుకోండి. ఊహ నౌపడా వైపున్నది, బండి ఇక్కడికి రావడానికి ముందే దాటొచ్చిన చోటు. ముగింపు గుణుపురం వైపున్నది, ఇక్కణ్ణుంచి ఇక పోబోయే చోటు. "ఇంటర్ పాసైనవాళ్ళే దరఖాస్తు చేయాలి" అన్నారు. "టెన్త్‌తో ఆపేసినవాడు దరఖాస్తు చేయకూడదు" అన్నది గుణుపురం వైపు, అది ముగింపు. "ఈ పనికి ఇంటర్ దాకా చదివిన చదువు ఉపయోగపడుతుంది" అన్నది నౌపడా వైపు, అది ఊహ. పరీక్ష పెట్టేవాళ్ళు రెండింటినీ పక్కపక్కనే పెట్టి ఇస్తారు, ముగింపు ఎక్కువ కచ్చితంగా అనిపిస్తుంది కాబట్టి పిల్లలు దాన్నే ఎంచుకుంటారు.

"కాబట్టి", "అందువల్ల" ఉన్న స్టేట్‌మెంట్లలో తిరగేయడానికి ముందు ఇంకో పని చేయండి. "కాబట్టి"కి ముందున్న ముక్కలో లేని మాట తర్వాతి ముక్కలో ఏముందో చూడండి. ఆ కొత్త మాట ఎక్కణ్ణుంచో ఊడిపడదు, పైకి చెప్పని ఊహే దాన్ని మోసుకొచ్చి ఉంటుంది.

స్టేట్‌మెంట్: "ఇక్కడి తెలుగు పిల్లలు ఒడియా మీడియంలో చదువుతున్నారు, కాబట్టి ఈ ఇళ్ళల్లో తెలుగు పోతుంది."

ముందు ముక్కలో ఉన్నది బడి, తర్వాతి ముక్కలో ఉన్నది ఇల్లు. బడి నుంచి ఇంటికి వంతెన ఏది? బడిలో ఏ భాష చదివితే ఇంట్లో ఆ భాషే మాట్లాడతారన్నది. ఆ మాట ఎవరూ అనలేదు, అది లేకుండా "కాబట్టి" అనే మాటకి కాళ్ళే లేవు. ఈ ఊహ నిజమా అంటే, నేను ఒడియాలో చదువుకుని తెలుగులో ఇది రాస్తున్నాను. కానీ చూశారా, అది నిజం కాకపోయినా స్టేట్‌మెంట్లో అంతర్లీనమే. తప్పుడు ఊహ కూడా ఊహే. ప్రశ్నలో అడిగింది చెప్పినవాడు ఏమనుకున్నాడని, మీరేమనుకుంటున్నారని కాదు. నా మటుకు నాకు ఈ స్టేట్‌మెంట్ వింటే ఒళ్ళు మండుతుంది, అయినా జవాబు మాత్రం "అంతర్లీనం" అనే పెట్టాలి.

ఊహని పట్టుకుంటే ఏం లాభం, పరీక్ష అయిపోయాక ఎందుకు పనికొస్తుంది అని అడిగేవాళ్ళకి మా ఊరి పంతులుగారి సంగతే చెప్తాను. గిడుగు రామమూర్తి గారు చాలా ఏళ్ళు పర్లాకిమిడిలోనే, రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. పుస్తకాలు గ్రాంథికంలోనే ఉండాలని పట్టుబట్టినవాళ్ళ వాదం అడుగున రెండు ఊహలున్నాయి: వాడుక మాటకి ఒక పద్ధతంటూ లేదని, గ్రాంథికం రాయాలనేవాళ్ళకి అది తప్పుల్లేకుండా రాయడం వచ్చునని. ఆయన "గ్రాంథికం వద్దు" అని అరిచి ఊరుకోలేదు. వాడుకకీ వ్యాకరణం ఉందని చూపించారు, గ్రాంథికమే కావాలన్న పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు. అంటే వాదం తలని వదిలేసి కాళ్ళు పట్టుకుని లాగారు.

ఇక అందరూ పడే గొయ్యి, లోకజ్ఞానం. "శివరాత్రికి మహేంద్రగిరికి ప్రత్యేక బస్సులు వేయాలి" అన్నది స్టేట్‌మెంట్. ఒకటో ఊహ, శివరాత్రికి అక్కడికి వెళ్ళేవాళ్ళకి మామూలు బస్సులు చాలవు. రెండోది, మహేంద్రగిరి ఒడిశాలోని ఎత్తైన కొండల్లో ఒకటి. రెండోది నిజమే, కొండ సుమారు 1,500 మీటర్లుంటుంది, గజపతి జిల్లా పిల్లలందరికీ తెలుసు, తెలుసు కాబట్టే టిక్కు పెట్టేస్తారు. కొండ పొట్టిదైతే బస్సులు అక్కర్లేదా? జనం ఉంటే కావాలి. కాబట్టి అది నిజమైనా ఇక్కడ ఊహ కాదు. కోచింగ్‌లో జీకే ఎక్కువ చదివినవాళ్ళే ఇందులో ఎక్కువ పడతారు, ఇది నా అనుభవం.

మన భాషలో ఒక సుఖం కూడా ఉంది, ఊహలు మాటల తోకల్లోనే దాక్కుంటాయి. "ఈసారైనా కాలవకి నీళ్ళొస్తాయా?" అని ఎవరన్నా అడిగితే పోయినసారి రాలేదని అతను ముందే ఒప్పుకున్నాడు, ఆ "ఐనా" అనే తోకే సాక్ష్యం. "మా తమ్ముడు కూడా ఫారం నింపాడు" అంటే ఇంకెవరో అప్పటికే నింపారు. "మళ్ళీ నోటిఫికేషన్ ఇచ్చారు" అంటే ఇదివరకు ఒకసారి ఇచ్చారు. "ఇంకా రిజల్ట్ రాలేదు" అంటే ఈపాటికి వచ్చి ఉండాల్సింది, లేదా ఎప్పటికైనా వస్తుంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఈ తోకల్ని పట్టుకోవడం అలవాటు చేసుకుంటే పరీక్ష హాల్లో కళ్ళు వాటంతటవే అక్కడికి పోతాయి. ఒక తమాషా, ఇలాంటి కొన్ని మాటల్లో ఊహని కాక మాటనే తిరగేసినా అడుగున ఉన్నది కదలదు. "మళ్ళీ నోటిఫికేషన్ ఇవ్వలేదు" అన్నా ఇదివరకు ఒకసారి ఇచ్చారనే కదా లోపల ఉంది.

వేదవాక్యాల అర్థం గురించి తర్కించిన పాతకాలం మీమాంసకులు ఇలాంటిదానికే అర్థాపత్తి అని పేరు పెట్టారు. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. రెండూ పొసగాలంటే వాడు రాత్రి తింటూ ఉండాలి. అక్కడితో ఆగాలి. రాత్రి నెయ్యి వేసుకుని తింటున్నాడు, పెళ్ళాం చాటుగా పెడుతోంది, ఇవన్నీ మనం కలిపేవి. పరీక్షలో తప్పులు ఎక్కువగా ఈ నెయ్యి దగ్గరే జరుగుతాయి.

"ఒకటిగానీ రెండుగానీ" అన్న ఆప్షన్ గురించి ఎక్కువ చెప్పను. రెండు ఊహలూ ఒకదానికొకటి ఎదురై, మధ్యలో మూడో దారి లేకుండా ఉండి, స్టేట్‌మెంట్‌కి ఏదో ఒకటి తప్పనిసరైతేనే అది పెట్టాలి. అసంప్షన్ ప్రశ్నల్లో అలాంటిది అరుదు. తోచనప్పుడు దాన్ని పెట్టడం మానండి.

టైం సంగతి. రైల్వే ఎన్టీపీసీ (గుమస్తా, స్టేషన్ మాస్టర్ లాంటి ఉద్యోగాల పరీక్ష) మొదటి దశలో 100 ప్రశ్నలకి 90 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 54 సెకన్లు, అందులో రీజనింగ్ 30 ప్రశ్నలు. ఒక తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది. రెండు ఊహల్లో ఒకటి కచ్చితంగా తేలి ఇంకోటి తేలకపోతే, తేలినదాన్ని బట్టి ఆప్షన్లు కొట్టేస్తే సాధారణంగా రెండే మిగులుతాయి, అప్పుడు పెట్టడం లాభమే. ఏదీ తేలకపోతే వదిలేయండి, టెన్షన్ పడి ఒకే ప్రశ్న మీద రెండు నిమిషాలు కూర్చోవద్దు. సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్లో ఇవే ఊహలు పేరా కింద వస్తాయి, అక్కడ ఒక వాక్యం కాదు, పేరా మొత్తం దేని మీద నిలబడిందో చూడాలి, మిగతాదంతా ఒకటే.

భాష విషయం మన సరిహద్దు పిల్లలకి ముఖ్యం. రైల్వే పరీక్షలో తెలుగు ఎంచుకోవచ్చు, ఒడియా ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే చెల్లుతుందని నోటిఫికేషన్లోనే రాస్తారు. అసంప్షన్ ప్రశ్నలో "కొందరు", "చాలామంది", "అందరూ" అన్న మాటల మీదే జవాబు ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క మాట వరకైనా ఇంగ్లీషు వైపు ఒకసారి చూసుకోండి. తెలుగులో చదివి, ఒడియాలో ఆలోచించి, ఇంగ్లీషులో జవాబు పెట్టేవాడు దారిలో ఒక "కొందరు"ని పారేసుకోవడం నేను కళ్ళారా చూశాను.

సాధన కోసం పుస్తకాలు వెతుక్కోనక్కర్లేదు. రోజుకి ఐదు మాటలు, బస్సులో కండక్టరు అన్నవి, బ్యాంకు గోడ మీద రాసినవి, అమ్మ అన్నవి, కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని కింద రెండు ఊహలు మీరే తయారుచేయండి, ఒకటి నిజంగా లోపల ఉన్నది, ఒకటి ఉన్నట్టు కనిపించి లేనిది. రెండోది తయారుచేయడమే కష్టం, అది వచ్చినవాడు ఇక వలలో పడడు. మొన్న మా అరుగు మీద ఒక కుర్రాడు తీసుకొచ్చింది ఇది.

స్టేట్‌మెంట్ (వాళ్ళమ్మ అన్నది): "ఈ ఉద్యోగమైనా వస్తే ఇల్లు బాగుచేయించుకుందుము నాయనా."
ఊహ 1: ఇల్లు బాగుచేయించాల్సిన స్థితిలో ఉంది.
ఊహ 2: ఇంతకుముందు ప్రయత్నించిన ఉద్యోగం ఏదో రాలేదు.
ఊహ 3: ఈ ఉద్యోగం వస్తుంది.

1, 2 ఉన్నాయి, రెండోది ఆ "ఐనా" వల్ల. మూడోది లేదు, "వస్తే" అంది గానీ "వస్తుంది" అనలేదు. ఆ కుర్రాడు మూడోది కూడా పెట్టుకొచ్చాడు. కొట్టేయమన్నాను, కొట్టేశాడు గానీ కాసేపు మొహం ముడుచుకునే కూర్చున్నాడు.